అటక మీద దొరికిన వరల్డ్‌స్పేస్ రేడియో: 'ది సిస్టమ్' అనే డాన్స్ చానెల్ ఎవరికైనా గుర్తుందా?

చందు_రేపల్లె

అందరికీ నమస్కారం. పోయిన వారం మా మావయ్య వాళ్ళింట్లో అటక దులుపుతుంటే ఒక రేడియో దొరికింది. మామూలు రేడియోలా లేదు. ముందు చిన్న తెర ఉంది, వైరుతో వేలాడుతూ అరచేతంత పలక ఒకటి ఉంది. వరల్డ్‌స్పేస్ అని రాసి ఉంది, అంటే ఉపగ్రహం నుంచి నేరుగా పాటలు అందుకునే రేడియో అట. సెట్టు వెనక మావయ్య చేతిరాతతో ఒక కాగితం ముక్క అతికించారు: "స్పందన – పొద్దున. శ్రుతి – సాయంత్రం. సిస్టమ్ – రాత్రి 11 తర్వాత."

స్పందన తెలుగు పాటల చానెల్ అనీ, శ్రుతి కర్ణాటక సంగీతం అనీ నెట్‌లో వెతికితే తెలిసింది. సిస్టమ్ మాత్రం డాన్స్ మ్యూజిక్ చానెల్ అట. అక్కడే నాకు అయోమయంగా ఉంది. మావయ్య హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఘంటసాల తప్ప ఇంకేదైనా విన్నారని ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆయన పోయి ఏడాదైంది, అడుగుదామంటే లేరు.

అప్పట్లో ఈ చానెల్ విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. అందులో ఏం వచ్చేది? ఎందుకు ఆగిపోయింది? ఈ సెట్టు మళ్ళీ పలికించే దారి ఏదైనా ఉందా?

గవర్నరుపేట_డీటీపీ

తమ్ముడూ, ఆ కాగితం సంగతి చదివి కాసేపు పని ఆపేశాను. నేను 2005 నుంచి చివరి రోజు దాకా వరల్డ్‌స్పేస్ విన్నవాణ్ణి. విజయవాడలో మాది డీటీపీ షాపు. కాస్త పొడుగు కథే, ఓపిగ్గా చదువు.

మాఘమాసం, వైశాఖం వచ్చాయంటే శుభలేఖల పనితో రాత్రి రెండింటి దాకా షాపు తెరిచే ఉండేది. పేజ్‌మేకర్, అను ఫాంట్స్, పక్కన టీ ఫ్లాస్కు. నిద్ర రాకుండా తెలుగు పాటలు పెట్టుకుంటే చేతులు పాటలో మాటలు కొట్టేసేవి. ఒకసారి పెళ్ళికూతురి పేరు పక్కన 'చిలకా' అని పడింది. మా ప్రూఫ్ చూసే పెద్దాయన పట్టుకోబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి మాటలు లేని పాట కోసం వెతుక్కున్నాను. అలా తిప్పుతూ తిప్పుతూ సిస్టమ్ దగ్గర ఆగాను. ఇక కదల్లేదు.

అందులో వచ్చేది ట్రాన్స్, హౌస్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీతం. ప్రకటనలు లేవు. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలవుతున్నట్టు తెలిసేదే కాదు. కింద దెబ్బ (బీట్) ఒకే నడకలో నిమిషానికి 130 అటూ ఇటూగా పడుతూనే ఉంటుంది. దాని మీద ఒక తీగలాంటి స్వరం ఎక్కడో దూరంగా మొదలై దగ్గరికొస్తుంది. ఒకచోట దెబ్బ ఠక్కున ఆగిపోతుంది. స్వరం ఒక్కటే గాలిలో నిలబడుతుంది. మన ఊళ్ళో కోలాటం చూశావా? గురువు ఈల వేసేదాకా ఎవరి అడుగూ మారదు, వేయగానే అందరి అడుగూ ఒకేసారి మారుతుంది. దెబ్బ మళ్ళీ వచ్చి పడినప్పుడు సరిగ్గా అలాగే ఉంటుంది.

లెక్కల మాస్టారికి ఇది ఎందుకు నచ్చిందో నాకైతే బాగానే అర్థమవుతోంది. ఆ సంగీతమంతా లెక్క. దెబ్బలు నాలుగేసి చొప్పున లెక్కపెట్టుకుంటూ పో, మామూలుగా 16కో 32కో ఏదో ఒకటి కొత్తగా చేరుతుంది, లేదా ఉన్నది తప్పుకుంటుంది. నేను చదువుకున్నది ఇంటర్ దాకానే. నాకే ఆ లెక్క చెవికి పట్టేసింది. ఆయనకి పట్టకుండా ఉంటుందా?

ఇప్పుడు ఎందుకు ఆగిపోయిందో చెబుతాను. వరల్డ్‌స్పేస్‌ని 1990లో మొదలుపెట్టింది ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా. ఎయిడ్స్ గురించి ఆఫ్రికా పల్లెలకి సమాచారం అందడం లేదని, ఆకాశం నుంచి అందిద్దామని ఆయన ఆలోచన. 1998లో ఆఫ్రీస్టార్, 2000 మార్చిలో మన వైపు ఆసియాస్టార్ ఎగిరాయి. ఒక ఉపగ్రహం ఖండంలో పెద్ద భాగానికి సరిపోయేది. ఊరికో టవర్ అక్కర్లేదు. రేపల్లెలో మావయ్య విన్న నాణ్యతే బెంగళూరులో కోటీశ్వరుడికీ వచ్చేది. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి అదే.

చిక్కు కూడా ఆకాశంతోనే వచ్చింది. ఆ పలక ఉంది చూశావూ, అదే యాంటెన్నా. దానికి ఉపగ్రహం సూటిగా కనపడాలి. మధ్యలో గోడ అడ్డమొస్తే పాట ఆగిపోతుంది. మా షాపు ఎదురుగా వేపచెట్టు ఉండేది. శీతాకాలం అంతా బాగానే పలికింది. ఉగాది ముందు చిగురు వేసి ఆకు దట్టమయ్యేసరికి తెర మీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పడిపోయాయి. రేడియో పాడైందనుకుని సెట్టు అటూ ఇటూ తిప్పి తిప్పి, చివరికి పలకని బట్టల క్లిప్పుతో షట్టర్ పైన బోర్డుకి తగిలించాను. గీతలు నిండాయి. ఆ క్లిప్పు ఇప్పటికీ షాపులో ఉంది.

ఇంట్లో కూర్చుంటే సరే, బస్సులో, కారులో ఎలా? దానికి ఊళ్ళలో నేల మీద రిపీటర్లు, అంటే సిగ్నల్ అందుకుని మళ్ళీ పంపే యంత్రాలు పెట్టాలి, వాటికి ప్రభుత్వం అనుమతి కావాలి. శాటిలైట్ రేడియో మీద టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005లోనే సిఫారసులు ఇచ్చింది. విధానం మాత్రం వరల్డ్‌స్పేస్ బతికుండగా తేలలేదు. ఈలోపు 2006లో హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్‌ఎమ్‌లు వరసగా వచ్చేశాయి. సెల్‌ఫోన్‌లో ఇయర్‌ఫోన్ పెడితే ఉచితంగా పాట. వరల్డ్‌స్పేస్‌కేమో సెట్టు కొనాలి, పైన ఏడాదికి 1,800 రూపాయలు చందా. కడితే సెట్టు నంబరు తీసుకుని ఆకాశం నుంచే తాళం తీసేవాళ్ళు. ఏ.ఆర్.రెహమాన్‌ని ప్రచారకర్తగా పెట్టుకున్నారు, ఆయన సిగ్నేచర్ ట్యూన్ కూడా చేశారు. అయినా 2007 చివరికి ప్రపంచం మొత్తం మీద చందాదారులు లక్షా 70 వేల పైచిలుకు. అందులో ఎక్కువమంది మన దేశంవాళ్ళే. అంత పెద్ద ఉపగ్రహాలకి ఈ చందాలు ఏ మూలకి?

2008 అక్టోబరులో అమెరికాలో దివాలా పిటిషన్ వేశారు. చూపించిన ఆస్తులు 300 మిలియన్ డాలర్ల పైన, అప్పులు 2 బిలియన్ డాలర్ల పైన. కొనేవాళ్ళు వస్తారని ఏడాది పాటు ఎదురుచూపు. కొనడానికి ముందుకొచ్చినవాళ్ళు మన దేశంలోని చందాదారుల వ్యాపారం మాత్రం వద్దన్నారు. 2009 డిసెంబరు 31తో ఇక్కడ ఆపేశారు.

ఆ డిసెంబరు నాకు బాగా గుర్తు. బందులతో విజయవాడ మూతపడి క్యాలెండర్ల పనంతా నెలాఖరుకి వచ్చి పడింది. ఆఖరి రాత్రి నేను సిస్టమ్ పెట్టలేదు. మా ప్రూఫ్ పెద్దాయన "ఇవాళ్టికి నా మాట విను, స్పందన పెట్టు" అన్నారు. పెట్టాను. పాత పాటలు వస్తుంటే ఆయన ఎర్రపెన్ను పక్కన పెట్టి కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పదకొండున్నరకి షట్టర్ దించాం. మళ్ళీ నాలుగైదు రోజులకి షాపు తీసి సెట్టు ఆన్ చేస్తే ఏమీ రాలేదు.

ఒకటి అడుగుతాను. మావయ్య గారి ఇల్లు వాస్తు చూసి కట్టిందేనా? ఆసియాస్టార్ ఉండేది 105 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. మనకి అది ఆగ్నేయం దిక్కున, నడినెత్తికీ నేలకీ మధ్య, సగం కంటే కాస్త పైన. మన ఇళ్ళలో ఆగ్నేయ మూల వంటిల్లే కదా. ఒకసారి వంటింటి కిటికీ చూడు.

మంచులో_మల్లె

అన్నయ్య గారు చెప్పింది చదువుతుంటే నా పాత కారు గుర్తొచ్చింది. నేను 2004లో పెళ్ళయి న్యూజెర్సీ వచ్చాను. ఆ సిస్టమ్ చానెల్ ఇక్కడ కూడా వచ్చేదండీ. వరల్డ్‌స్పేస్ వాళ్ళు తయారుచేస్తే, అమెరికాలో ఎక్స్‌ఎమ్ శాటిలైట్ రేడియోలో 82వ నంబర్‌లో వినిపించేది. ఎక్స్‌ఎమ్ పుట్టినప్పుడు వరల్డ్‌స్పేస్ అందులో డబ్బు పెట్టింది, 1999లో ఆ వాటా అమ్మేసుకుంది. మళ్ళీ 2005లో ఎక్స్‌ఎమ్ వాళ్ళే వరల్డ్‌స్పేస్‌లో 25 మిలియన్ డాలర్లు పెట్టారు.

తేడా ఏంటంటే నేను విన్నది కారులో. ఊళ్ళలో రిపీటర్లు ఉండేవి, ఎత్తైన బిల్డింగుల మధ్య కూడా ఆగేది కాదు. నైట్ షిఫ్టు అయ్యాక మంచులో ఒక్కదాన్నే నలభై నిమిషాలు నడుపుకుంటూ వచ్చేదాన్ని. వైపర్లు అటూ ఇటూ ఆడుతుంటే పాట దెబ్బకి కలిసేవి, కాసేపటికి విడిపోయేవి, మళ్ళీ కలిసేవి. వచ్చిన కొత్తలో ఇక్కడ నాకు మాట్లాడ్డానికి ఎవరూ లేరు. అదే పాట విజయవాడలో శుభలేఖల షాపులోనూ, రేపల్లెలో ఒక మాస్టారి ఇంట్లోనూ మోగిందని ఇన్నేళ్ళకి తెలిసింది. కళ్ళనీళ్ళు వచ్చాయి.

రిపేరు_బాషా

చందు బ్రదర్, సెట్టు సంగతి నేను చెప్తా. శాటిలైట్ వైపు ఆశ వదిలెయ్యండి. ఆ సర్వీసే లేదు, చిప్పు మార్చినా, సాఫ్ట్‌వేర్ మార్చినా లాభం లేదు. "మళ్ళీ యాక్టివేట్ చేస్తాం" అని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి.

కానీ పారేయకండి. చాలా సెట్లలో ఎఫ్‌ఎమ్, షార్ట్‌వేవ్ కూడా ఉంటాయి, మోడల్‌ని బట్టి. ముందు అడాప్టర్ మీద వోల్టేజి, సెట్టు వెనక రాసిన వోల్టేజి ఒకటేనా చూడండి. ఇన్నేళ్ళు అటక మీద ఉంది కాబట్టి ఆన్ చేసే ముందు వెనక విప్పి కెపాసిటర్లు చూడాలి. తల ఉబ్బినా, కింద జిగురులా కారినా మార్చేయాలి. పది, ఇరవై రూపాయల పని. తర్వాత లోపల ఆంప్లిఫయర్‌కి చిన్న బ్లూటూత్ బోర్డు కలిపితే ఫోన్‌లో పాట ఆ స్పీకర్లలోనే వస్తుంది. ఆ కాగితం మాత్రం పీకొద్దు, దాని మీద టేపు వేసి ఉంచండి.

గవర్నరుపేట_డీటీపీ

బాషా భాయ్ మాట నూటికి నూరు పాళ్ళు నిజం.

ఇంకో విషయం మర్చిపోయాను. "నెట్‌లో వినొచ్చు కదా అప్పుడు?" అని మా అబ్బాయి అడిగాడు. బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో నెలకి 250 రూపాయల ప్లానులో 400 ఎంబీ ఇచ్చేవాళ్ళు. నెట్ రేడియో 128 కేబీపీఎస్‌లో గంట వింటే 57 ఎంబీ పోతుంది. అంటే నెల మొత్తానికి ఏడు గంటలు. నాకు అది ఒక్క రాత్రికే చాలదు. అందుకే ఆకాశం తప్ప దిక్కు లేదు. ఇప్పుడు డిజిటల్లీ ఇంపోర్టెడ్ అని 1999లో మొదలైన నెట్ రేడియో ఉంది, ట్రాన్స్‌కి విడిగా చానెలే ఉంది అందులో. బాషా భాయ్ చెప్పినట్టు చేసి అది పెట్టు. రాత్రి 11 తర్వాత పెట్టు.

చందు_రేపల్లె

అందరికీ చాలా థాంక్సండీ. ఈరోజు పొద్దున్నే అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. డీటీపీ అన్నా, మీరు చెప్పింది కరెక్ట్. వంటిల్లు ఆగ్నేయంలోనే ఉంది. కిటికీ ఊచకి పైన ఒకచోట రంగు పోయి ఉంది, అక్కడ సన్న తీగ చుట్టిన గుర్తు. యాంటెన్నా పలక తీసుకెళ్ళి పెడితే దాని వెనక కొక్కెం సరిగ్గా అక్కడికే వచ్చింది.

అత్తయ్యని అడిగితే నవ్వింది. "పదో తరగతి పేపర్లు దిద్దేటప్పుడు పెట్టుకునేవారురా. నేను గిన్నెలు సర్దుకుని పడుకోబోయేసరికి వంటింటి బల్ల మీదికి పేపర్ల కట్ట తెచ్చుకునేవారు. ఎడమ చేత్తో బల్ల మీద కొట్టుకుంటూ కుడి చేత్తో మార్కులు వేసేవారు. ఏంటండీ ఆ దడదడ అంటే, ఇంకో పదహారు ఆగు, మారుద్ది అనేవారు" అంది. పోపు పొగ పడుతుందని రోజూ ఆ పలకని తడిగుడ్డతో తుడిచేవారట.

పలక అంచున ఇంకా పసుపు మరక ఉంది. బాషా అన్నా, సెట్టు శనివారం విప్పుతాను. ఫోటోలు పెడతాను, కెపాసిటర్లు మీరే చూసి చెప్పాలి.