ఆడేటప్పుడు బాగానే ఉంటోంది, రికార్డింగ్‌లోనే జర్క్‌లు. బొమ్మ కూడా చీలుతోంది, ఏం చెయ్యాలి?

గోదారి_గేమర్

అందరికీ నమస్తే. ఫ్రెండ్స్‌తో జీటీఏ ఫైవ్ ఆడేది తెలుగు కామెంటరీతో రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెడుతున్నా. ఆడుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. తర్వాత ఫైల్ తెరిస్తే కారు మలుపు తిరిగిన ప్రతిసారీ వీడియో ఆగి ఆగి కదులుతోంది. కెమెరా వేగంగా పక్కకి తిప్పితే కరెంటు స్తంభాలు నడిమికి తెగి, పై సగం ఒకచోట, కింది సగం ఇంకోచోట కనిపిస్తున్నాయి. మాటలు మాత్రం ఎక్కడా తెగడం లేదు.

ల్యాప్‌టాప్: ఐ5, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 144 హెర్ట్జ్ స్క్రీన్. రికార్డ్ చేసేది ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో: డిస్‌ప్లే క్యాప్చర్ (స్క్రీన్ మొత్తం తీసేది), 1080పీ, 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు), ఎన్‌కోడర్ (వీడియోని కుదించేది) ఎక్స్264. గేమ్‌లో వి-సింక్ (ఫ్రేములని స్క్రీన్ వేగానికి కట్టే సెట్టింగ్) ఆఫ్. ఆన్ చేస్తే మౌస్ బరువెక్కినట్టు ఉంటోంది. కొత్త ల్యాప్‌టాప్ కొనమని మాత్రం చెప్పకండి, దీని ఈఎంఐ గురించే ఇంట్లో రోజూ వింటున్నా.

దిల్‌సుఖ్‌నగర్_బ్రో

హార్డ్ డిస్క్ మీద రికార్డ్ చేస్తున్నావా బ్రో? ఎస్‌ఎస్‌డీ వేయించు. బిట్‌రేట్ (సెకను వీడియోకి వాడే డేటా) కూడా 40 వేలకి పెంచి చూడు.

పెళ్ళివీడియోల_బాబాయ్

పాపం డిస్క్‌ని అనకండి. 40 వేల కేబీపీఎస్ అంటే సెకనుకి 5 ఎంబీ. ఎంత పాత హార్డ్ డిస్క్ అయినా ఆ మాత్రం రాసేస్తుంది. గంట రికార్డింగ్‌కి 18 జీబీ ఖాళీ ఉంటే చాలు. బిట్‌రేట్ పెంచితే మసక తగ్గుతుంది గానీ జర్క్ తగ్గదు.

నేను పగలు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తా, రాత్రి గేములు రికార్డ్ చేస్తా. వీడియో జర్క్ అని ఎవరన్నా వెంటనే సెట్టింగుల జోలికి వెళ్ళను. అది ఫైల్‌లో ఉందా, చూసే స్క్రీన్‌లో ఉందా అన్నది ముందు తేలాలి. ఫైల్‌ని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి, స్తంభం తెగిన చోటికి కాస్త ముందు ఆపి, కీబోర్డ్ మీద ఇంగ్లిష్ ‘ఈ’ నొక్కుతూ వెళ్ళు. నొక్కిన ప్రతిసారీ ఒక్క ఫ్రేమ్ ముందుకెళ్తుంది. ఆగిన బొమ్మలో కూడా స్తంభం తెగే ఉంటే చీలిక ఫైల్‌లోకి ఎక్కినట్టే. నిటారుగా ఉంటే ఫైల్‌కి ఏమీ కాలేదు, ప్లేయరూ స్క్రీనూ కలిసి చేస్తున్న పని అది. కారు పరిగెడుతున్న చోట ఒకే బొమ్మ కదలకుండా రెండు మూడు సార్లు వచ్చిందంటే అక్కడ ఫ్రేములు పోయాయి.

తర్వాత ఓబీఎస్‌లో స్టాట్స్ విండో తెరిచి పెట్టి, రికార్డ్ చేస్తూ కాసేపు ఆడు. రెండు అంకెలు చూడు: రెండరింగ్ ల్యాగ్ వల్ల మిస్సయిన ఫ్రేములు, ఎన్‌కోడింగ్ ల్యాగ్ వల్ల స్కిప్పయిన ఫ్రేములు. మొదటిది పెరిగితే జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మీద బరువు ఎక్కువైంది. రెండోది పెరిగితే ఎన్‌కోడర్ అందుకోలేకపోతోంది. రెండింటికీ మందు వేరు. ‘బెస్ట్ సెట్టింగ్స్’ వీడియో చూసి అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

గోదారి_గేమర్

చూశా బాబాయ్. ఆపిన బొమ్మలో కూడా స్తంభం తెగే ఉంది. రెండరింగ్ 11 శాతం, ఎన్‌కోడింగ్ 23 శాతం. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 99 దగ్గరే నిలబడుతోంది. టెన్షన్‌గా ఉంది, కార్డు పోయిందంటారా?

పెళ్ళివీడియోల_బాబాయ్

కార్డుకేం కాలేదు, నిబ్బరంగా ఉండు. ఎక్స్264 పెడితే వీడియో కుదించే పనంతా సీపీయూదే. జీటీఏ ఫైవ్ అసలే సీపీయూని బాగా వాడుకునే గేమ్. నీ కార్డులో వీడియో కుదించడానికే విడిగా ఒక భాగం ఉంది, పేరు ఎన్‌వెంక్. అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో ఎన్‌కోడర్‌గా దాన్ని ఎంచుకో. రేట్ కంట్రోల్ సీక్యూపీ (బిట్‌రేట్ బదులు క్వాలిటీని నిలకడగా ఉంచే పద్ధతి), విలువ 20. ఆ 23 శాతం దీంతో దిగిపోవాలి.

ఇక రెండరింగ్. సీన్ తయారు చేసుకోవడానికి ఓబీఎస్‌కి కూడా జీపీయూ కావాలి. గేమ్ మొత్తం లాగేసుకుంటే దానికి మిగిలేది ఉండదు. గేమ్‌కి కావలసింది గేమ్‌కి అందుతోంది కాబట్టి ఆడేటప్పుడు నీకు తెలియదు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60 పెట్టు. వి-సింక్ జోలికి వెళ్ళక్కర్లేదు. 90 లాంటి అంకెలు మాత్రం వద్దు. గేమ్ ఇచ్చే 90లోంచి ఓబీఎస్ 60 ఏరుకుంటే ఫ్రేముల మధ్య ఎడం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఒక్క ఫ్రేమ్ పోకపోయినా కదలిక కుదుపుగానే ఉంటుంది. 120 అయితే రెండింటికొకటి సరిగ్గా వస్తుంది గానీ ఈ గేమ్‌లో 1650 అంత నిలకడగా ఇవ్వదు. 60కి కట్టేసినా జీపీయూ 90 దాటుతుంటే ఎంఎస్‌ఏఏ (అంచులు నున్నగా చేసే సెట్టింగ్) తీసెయ్, గడ్డి క్వాలిటీ తగ్గించు. ఓబీఎస్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చెయ్యి, జీపీయూ దగ్గర దానికి కాస్త ముందు వరస దొరుకుతుంది.

చీలికకి: డిస్‌ప్లే క్యాప్చర్ తీసేసి గేమ్ క్యాప్చర్ పెట్టు. స్క్రీన్ మీదది కాకుండా గేమ్ పూర్తిచేసి ఇచ్చిన ఫ్రేమ్‌నే అది తీసుకుంటుంది. నల్ల స్క్రీన్ వస్తే కంగారు పడకు. ల్యాప్‌టాప్‌లో రెండు జీపీయూలు ఉంటాయి కదా, విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఓబీఎస్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకో. ఛార్జర్ పెట్టుకునే ఆడు, బ్యాటరీ మీద కార్డు వేగం తగ్గిపోతుంది.

ఉబుంటు_అభిమాని

లైనక్స్ వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే: ఎక్స్11లో ఎన్‌విడియా కార్డుతో చీలిక వస్తే ఫోర్స్ ఫుల్ కంపోజిషన్ పైప్‌లైన్ ఆన్ చేసి చూడండి.

గోదారి_గేమర్

రెండు అంకెలూ సున్నా దగ్గరే ఉన్నాయి బాబాయ్! స్తంభాలు కూడా నిటారుగా నిలబడ్డాయి. ఒక్కటే అనుమానం. అదే ఫైల్ ఫోన్‌లో హాయిగా నడుస్తోంది, ల్యాప్‌టాప్‌లో చూస్తే ఇంకా చిన్నగా కుదుపు ఉంది.

పెళ్ళివీడియోల_బాబాయ్

ఇందాక చెప్పిన స్క్రీన్ తంతు ఇదే. నీ స్క్రీన్ సెకనుకి 144 సార్లు మారుతుంది, వీడియోలో ఉన్నవి 60 ఫ్రేములే. 144ని 60తో భాగిస్తే 2.4. అందుకని ఒక ఫ్రేమ్ రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు కనిపిస్తుంది. చూసేటప్పుడు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ పెట్టుకో, లేదా అలాగే వదిలెయ్. అప్‌లోడ్ చేసే ఫైల్ మాత్రం బాగానే ఉంది.

అన్నట్టు రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీలో పెట్టు. మామూలు ఎంపీ4 అయితే మధ్యలో సిస్టమ్ ఆగిపోతే ఫైల్ తెరుచుకోదు. ఎంకేవీలో అప్పటిదాకా రికార్డయింది మిగులుతుంది. ఎడిటింగ్‌కి ఎంపీ4 కావాలంటే ఓబీఎస్ ఫైల్ మెనూలో రీమక్స్ (ఫార్మాట్ మాత్రమే మార్చేది) ఉంది, క్వాలిటీ ఏమీ పోదు.