నాన్న రిపోర్టులో ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 "లాస్" అని రాశారు, భయపడాలా?

చిన్నమ్మాయి:
నాన్నకి 68 ఏళ్లు. పెద్దపేగులో కుడివైపున్న క్యాన్సర్ గడ్డ తీసి మూడు వారాలైంది. స్టేజ్ 2, టీ3 (గడ్డ పేగు గోడ కండర పొర దాటింది) అట. తీసిన 19 లింఫ్ గ్రంథుల్లో దేనికీ పాకలేదు. అది చదివి ఊపిరి పీల్చుకున్నాం. కానీ కింద నాలుగు ప్రోటీన్ల పేర్లున్నాయి. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ఉన్నాయట, ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 లేవట. ఇవి డీఎన్ఏని రిపేర్ చేసేవని తెలిశాక ఒకటే టెన్షన్. రిపేర్ చేసేవే లేకపోతే జబ్బు త్వరగా ముదరదా? పైగా డాక్టర్ గారు కీమో అక్కర్లేదేమో అన్నారు. ఆశ వదులుకుని అలా అన్నారేమోనని అమ్మ ఏడుస్తోంది.

స్లైడ్లు చూసే డాక్టర్:
అమ్మా, ముందు మీ అమ్మగారికి చెప్పండి, అది వదిలేయడం కాదు. కణం రెండుగా చీలే ముందు డీఎన్ఏకి నకలు తీసుకుంటుంది. అందులో పడ్డ తప్పుల్ని దిద్దేవి ఈ ప్రోటీన్లు. ఇవి జంటలుగా పనిచేస్తాయి. ఎంఎల్‌హెచ్1 పోతే దాని జత పీఎంఎస్2 కూడా నిలవదు. కాబట్టి రెండు పేర్లు కనిపించినా లోపం సాధారణంగా ఒక్కటే. మేం స్లైడు మీద గడ్డ కణాలతో పాటు పక్కనున్న మామూలు కణాల్నీ చూస్తాం. ప్రోటీన్ ఉన్నచోట పట్టే గోధుమరంగు వాటికి పట్టి, గడ్డ కణాలకి పట్టకపోతేనే "లాస్" అని రాస్తాం.

తప్పులు పేరుకునేకొద్దీ గడ్డలో వింత ప్రోటీన్లు తయారవుతాయి. రోగనిరోధక కణాలు వాటిని పసిగట్టి చుట్టుముడతాయి. అందుకే స్టేజ్ 2లో ఇలాంటి గడ్డలు తిరగబెట్టడం తక్కువ. ఫ్లోరోయూరాసిల్ అనే కీమో మందు ఒక్కటే ఇస్తే వీటికి లాభం కనబడలేదు. మీ డాక్టర్ గారి మాట వెనక ఉన్నది ఇదే. స్టేజ్ 4లో, అంటే దూరపు అవయవాలకి పాకినప్పుడు మాత్రం లెక్క వేరు. అక్కడ ఈ లోపం మంచి సూచన కాదు, కానీ ఇమ్యునోథెరపీ (రోగనిరోధక కణాల్ని గడ్డ మీదికి ఉసిగొల్పే చికిత్స) బాగా పనిచేస్తుంది. పెంబ్రోలిజుమాబ్‌ని అలాంటివారికి మొదటి మందుగా అమెరికా 2020లో అనుమతించింది.

ఒక్కటి తప్పకుండా అడగండి: గడ్డలో బీఆర్ఏఎఫ్ అనే జన్యువుకి టెస్టు చేశారా? అందులో వి600ఇ అనే మార్పు ఉంటే ఇది వంశపారంపర్యం కాదని దాదాపు ఖాయం. లేకపోతే మిథైలేషన్ (గడ్డలో ఎంఎల్‌హెచ్1 జన్యువు రసాయన గుర్తులతో మూతపడిందా అని చూసే) టెస్టు, ఆ తర్వాత అవసరమైతే రక్తంతో జన్యుపరీక్ష.

వేరే ఇంటి తమ్ముడు:
ఆ టెస్టు అస్సలు వదలొద్దు అక్కా. మా అన్నయ్యకి 41 ఏళ్లకే వచ్చింది, ఎంఎస్‌హెచ్2 లేదు. రక్తపరీక్షలో లించ్ సిండ్రోమ్, అంటే ఈ రిపేర్ లోపం వంశపారంపర్యంగా వచ్చిందని తేలింది. తోబుట్టువులకి సగం అవకాశం అన్నారు, నాకూ ఆ లోపం ఉంది. ఏటా కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూడటం) చేయించుకుంటున్నాను, నిరుడు ఒక పాలిప్ (చిన్న పిలక) కనబడితే అప్పుడే తీసేశారు. అన్నయ్యకి గడ్డ పెరిగేదాకా మాకెవరికీ తెలియలేదు.

చిన్నమ్మాయి:
ఇవాళ అడిగాను. బీఆర్ఏఎఫ్ వి600ఇ ఉందట, జన్యుపరీక్ష అక్కర్లేదన్నారు. జబ్బు తిరగబెడుతోందేమో చూసే సీఈఏ రక్తపరీక్షకి మూడు నెలలకోసారి, ఏడాదికి కొలనోస్కోపీకి రమ్మన్నారు. మీరు రాసిందంతా అమ్మకి చదివి వినిపించాను. నకలు దిద్దే సంగతి రెండుసార్లు చదివించుకుంది.