కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య మన నెల్లూరు జిల్లావాడే, ఎమ్మెల్యే అయింది గన్నవరంలో. మనకేం ఒరిగింది?

కోవూరు_రైతు:
పుచ్చలపల్లి సుందరయ్య 1913లో మన అలగానిపాడులో పుట్టినాడు. ఎమ్మెల్యేగా 1955, 1962, 1978లో గెలిచింది మాత్రం కృష్ణా జిల్లా గన్నవరం నుంచి. అంత పేరున్న మనిషి సొంత గడ్డకి ఏం చేసినాడు? తెలిసినోళ్లు చెప్పండి.

పెన్నా_గట్టు:
అసెంబ్లీకి సైకిల్ మీద పోయినాడన్నా. ఈ కాలంలో పోయే ఎమ్మెల్యే ఒక్కడున్నాడా?

ఒంగోలు_మాస్టారు:
ముందు పార్లమెంటుకు పోయింది సైకిల్ మీద. 1952లో రాజ్యసభ సభ్యుడు.

పెన్నా_గట్టు:
రెండూ నిజమే మాస్టారూ.

కోవూరు_రైతు:
నేనడిగింది సైకిల్ గురించి కాదబ్బా. మా కయ్యలు, అదే వరి మడులు, కాలువ చిట్టచివర ఉండాయి. మొన్న ఎడగారు పంటకి పైనోళ్లు రాత్రిపూట అడ్డకట్ట వేసుకుంటే మా నారుమడి బీటలిచ్చింది. వేలు దూరేంత బీట. కాలువ నీళ్లు వదిలే లస్కరు చుట్టూ నాలుగు రోజులు తిరిగినా. చివరికి ఒక నాయకుడి మనిషి ఫోన్ కొడితే తెల్లారేసరికి నీళ్లొచ్చినాయి. నాకు కావాల్సింది అట్టా ఫోన్ కొట్టే ఎమ్మెల్యే.

కావలి_కుర్రాడు:
ఎమ్మెల్యే పని చట్టాలు చేయడం. కాలువలు ఇరిగేషన్ వాళ్లవి.

ఒంగోలు_మాస్టారు:
ఫోన్ కొట్టించుకోలేనివాడి నారు ఎండిపోవాల్సిందేనా? నీ కయ్యకు నీళ్లొచ్చిన ఆ రాత్రి ఎవరి తూము మూశారో కనుక్కున్నావా? సుందరయ్య రాష్ట్రంలోని నదుల నీటి లెక్కలన్నీ కూర్చి పథకం రాసినవాడు. ఎవరికెంత నీరు రావాలో అందరికీ ఒకే లెక్క ఉండాలని పట్టుబట్టడమే శాసనసభ్యుడి పని. తనవాళ్లకు తూము ఎత్తించి పెట్టడం పలుకుబడి, అంతే.

కోవూరు_రైతు:
మాస్టారూ, మీరు ఒంగోల్లో కూర్చుని లెక్కలు చెప్తుండారు. ఎండింది నా నారు. సరే, దాచేదెందుకు, మనసులో మాట చెప్తా. ఆ మనిషి ఊళ్లో వ్యవసాయ కూలీల సంఘం పెట్టి, కూలి పెంచమని సొంత ఇంటోళ్లకే ఎదురు నిలబడినాడు. మా తాత పక్క ఊరి రైతు. ఆ సెగ మా గడపకూ తగిలింది. పేరు చివర రెడ్డి కూడా తీసేసుకున్నాడు. మనోడై పుట్టి మనల్ని కాదన్నాడని మా నాయన పోయేదాకా బాధపడినాడు.

పెన్నా_గట్టు:
అన్నా, పైన కూడా "మనకేం ఒరిగింది" అన్నావు. ఆ మనలో మేం ఉండామా? మా అవ్వ ఆ చుట్టుపక్కల కయ్యల్లోనే నాట్లు వేసింది. పొద్దుగూకేదాకా వంగి నాటితే కొంగులో వడ్లు పోసేవాళ్లంట. ఇంటికొచ్చి చేటలో చెరిగితే తాలు పోను ఎన్ని మిగిలేవో మా నాయన దోసిలి పట్టి చూపించేవాడు. మా అవ్వకి గన్నవరం ఎటు ఉందో తెలీదు. కూలి ఇంత అని నోరు తెరిచి అడగొచ్చని చెప్పిన మనిషిగా సుందరయ్య తెలుసు.

కావలి_కుర్రాడు:
సైకిల్ దగ్గర మొదలై ఇక్కడికి వచ్చింది చర్చ.

కోవూరు_రైతు:
మీ అవ్వ కష్టాన్ని నేను కాదనను తమ్ముడూ. కానీ ఆయన ఇక్కడే నిలబడి మన ఓటు అడిగుండాల్సింది. ఓడినా సరే, మా తాత ముందుకొచ్చి అడిగుండాల్సింది.

ఒంగోలు_మాస్టారు:
ఎక్కడ నిలబడాలో పార్టీ చెప్తుంది. ఆయన పార్టీ మనిషి.

పెన్నా_గట్టు:
అడిగే ఉంటే, మా అవ్వ ఓటు మా అవ్వని వేసుకోనిచ్చేవాడా అన్నా మీ తాత?