శాలువా అల్లుతూ కొత్త కుట్లు నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న (విజయవాడ నుంచి):
నమస్కారం. క్రోషేలో (కొక్కెంతో అల్లే పని) గొలుసు కుట్టు, నిట్టింగ్‌లో (రెండు సూదులతో అల్లే పని) నిట్ అనే సూటి కుట్టు, పర్ల్ అనే తిరగ కుట్టు మాత్రమే నాకు వచ్చు. నమూనా ముక్కలు అల్లి విప్పేయడం కన్నా, శాలువా, దుప్పటి, మఫ్లర్ వంటి వాడుకునే వస్తువులు అల్లుతూనే మిగతా కుట్లు నేర్చుకోవాలని ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?

మొదటి జవాబు (నరసాపురం నుంచి):
మీ ఆలోచన సరైనదేనమ్మా. స్వెటర్ ఒంటి కొలతకు సరిపోవాలి. శాలువా నాలుగు వేళ్ళు అటూ ఇటూ అయినా నష్టం లేదు కనుక, మనసంతా కుట్టు మీదే పెట్టవచ్చు. క్రోషేకు గ్రానీ స్క్వేర్ల (నడిమి నుంచి చుట్టూ అల్లుకుంటూ పోయే చదరాల) దుప్పటి మంచి ఆరంభం. మూడేసి ట్రెబుల్ కుట్ల (కొక్కెం మీద దారం ఒకసారి చుట్టి వేసే పొడవాటి కుట్లు) గుత్తులు, మూల తిరిగే చోట గొలుసు కుట్లు, అంతే. చదరం చిన్నది కాబట్టి తప్పు వెంటనే కనిపిస్తుంది, చదరాలను కలపడం, అంచు వేయడం కూడా ఆ దుప్పటితోనే అలవాటవుతాయి. మా ప్రాంతపు లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది సన్నని నూలు దారంతో చేసే పని. చేయి కుదిరాక మీరూ నూలు దారంతో స్టోల్ అల్లి చూడండి, మన ఎండలకు అదే హాయి.

రెండవ జవాబు:
నిట్టింగ్‌కు నేను స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల హ్యాప్ (రోజువారీ వాడే) శాలువా పద్ధతిని సూచిస్తాను. నడిమి చదరమంతా గార్టర్ కుట్టు, అంటే ప్రతి వరుసా నిట్ మాత్రమే. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్‌గా అల్లే స్టాకింగ్ కుట్టుకు అంచులు చుట్టుకుపోతాయి, దీనికి ఆ ఇబ్బంది లేదు. దాని చుట్టూ వచ్చే అలల అంచులో ఓల్డ్ షేల్ అనే లేసు అల్లిక ఉంటుంది. ముందుగా దానితోనే ఒక మఫ్లర్ అల్లండి. 18 కుట్లకు ఒక నమూనా, నాలుగు వరుసలకు ఒక ఆవృత్తి: మొదటిది నిట్, రెండవది పర్ల్, నాలుగవది మళ్ళీ నిట్. మూడవ వరుసలోనే అసలు పని: రెండేసి కుట్లు కలిపి నిట్ చేయడం మూడుసార్లు, దారం ముందుకు వేసి ఒక నిట్ చేయడం ఆరుసార్లు, మళ్ళీ రెండేసి కలపడం మూడుసార్లు. ఆరు తగ్గి ఆరు పెరుగుతాయి కనుక వరుస చివర 18 మిగలకపోతే ఎక్కడో దారం వేయడం మరిచినట్టే. క్రోషేలో కొక్కెం మీద ఒక్క ఉచ్చే ఉంటుంది గానీ ఇక్కడ వరుస మొత్తం సూది మీదే ఉంటుంది, జారిన కుట్టు కిందికంటా ఊడివస్తుంది. అందుకని ప్రతి ఆవృత్తి తర్వాత వేరే రంగు దారాన్ని కుట్లన్నిటి గుండా దూర్చి ఉంచితే, విప్పవలసి వచ్చినా అక్కడ ఆగుతుంది.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మా దగ్గర దుకాణంలో ఎక్కువగా అక్రిలిక్ దారమే దొరుకుతోంది. అది పనికి వస్తుందా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
దుప్పటికి నిస్సందేహంగా వస్తుంది, ఉతకడమూ తేలిక. లేసు మఫ్లర్‌కు మాత్రం అసలు ఊలే తీసుకోండి: అల్లిన తర్వాత తడిపి, సాగదీసి, గుండుసూదులతో పరచి ఆరబెడితేనే రంధ్రాలు తెరుచుకొని అలలు స్పష్టంగా కనిపిస్తాయి. అక్రిలిక్‌ను కేవలం తడిపి ఆరబెడితే ఆ ఆకారం అంతగా నిలవదు. లేత రంగు తీసుకుంటే కుట్లు లెక్కపెట్టడం సులువు.