నామినీని తెలుగులో ఏమనాలి?

ఒక డౌటు. మా చిన్నాన్న పోయి ఆర్నెల్లయింది. ఆయన ఎఫ్‌డీకి పెళ్లికి ముందెప్పుడో మా నాన్న పేరు నామినీగా రాసి తర్వాత మార్చలేదు, బ్యాంకువాళ్లేమో డబ్బు తెచ్చి నాన్న చేతిలో పెట్టారు. ఇక చుట్టాల్లో సగం మంది "నామినీ అంటే వారసుడేగా, తమ్ముడు నీకే రాసిచ్చాడు" అని మొదలెట్టారు, పిన్ని మొహం చూడలేకపోతున్నాం. నాన్న రూపాయి ముట్టుకోలేదు లెండి. అసలీ నామినీకి తెలుగు మాట ఏంటి?

↳ వారసుడు మాత్రం కాదండీ. బ్యాంకు తన నెత్తిమీద బరువు దించుకోడానికి ఒక పేరు కావాలి, అదే నామినీ. డబ్బు అందుకుంటాడు, అసలు హక్కుదారులకి అప్పజెప్పాలి. ఎల్‌ఐసీ పాలసీ విషయంలో 1983లోనే శర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది, షేర్లకీ అంతేనని 2023 డిసెంబర్‌లో శక్తి యెజ్దానీ కేసులో తేల్చింది. చిన్నాన్నగారు వీలునామా రాయకపోతే ఆ సొమ్ము పిన్నిగారికీ పిల్లలకీ, మీ నాయనమ్మగారు ఉంటే ఆవిడకీ సమానంగా వెళ్తుంది. అన్నదమ్ముడు ఆ లైన్లోనే లేడు.

↳ అయితే "ధర్మకర్త" అంటే సరిపోదూ? హుండీ లెక్క ఆయన చేతిమీదుగానే నడుస్తుంది, హుండీ ఆయనది కాదు.

↳ మాస్టారూ, మా ఊరి ధర్మకర్తని మీరు చూళ్లేదు 😀 నామినీ కాస్తా అందరికీ నామం పెట్టకపోతే అదే పదివేలు. అయినా అన్నిచోట్లా ఒకే మాట కుదరదు. ఇన్సూరెన్స్ చట్టం 2015లో మారింది, తల్లిదండ్రులో భార్యో భర్తో పిల్లలో నామినీ అయితే ఆ డబ్బు వాళ్లకే చెందేలా రాశారు, దానిమీద కూడా హైకోర్టులు తలో మాట అన్నాయనుకోండి. కాబట్టి నామినీని నామినీగానే ఉంచేద్దాం, బస్సు రైలు ఉంచుకోలేదా.

↳ మాటల సంగతొచ్చింది కాబట్టి, వీలునామాలో "వీలు" మన వీలు కాదు, ఇంగ్లీషు విల్లు. నామా ఏమో ఫారసీ, కాయితం అని. రెండు పరాయి మాటలు కలిసి అచ్చతెలుగులా కూచున్నాయి, మా తాతయ్యైతే "నాకు వీలైనప్పుడు రాస్తాలేరా" అనేవాడు, వీలు కాలేదు, ఇంకా కోర్టులో తిరుగుతున్నాం. చిరునామా కూడా అంతే, చిన్న పేరు కాదు, ఉత్తరం తలమీద రాసే సర్‌నామా. పాత మాట మరణశాసనం ఉంది గానీ ఇంట్లో ఎవరంటారు ఆ మాట, వినగానే పెద్దాళ్లు లేచెళ్లిపోతారు.

↳ అందరికీ థాంక్స్. ధర్మకర్త అని నాన్నకి చదివి వినిపిస్తే "మరి ప్రసాదమైనా లేదా" అన్నారు. శనివారం పిన్నినీ నాయనమ్మనీ బ్యాంకుకి తీసుకెళ్తున్నాం. పీఎఫ్‌లో కూడా నాన్న పేరే ఉందంట, అదీ ఇంతేనా?

↳ అక్కడ ఇంకా సులువు. పీఎఫ్‌లో పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లవగానే చెల్లదు. పిన్నిగార్నే క్లెయిమ్ పెట్టమనండి.