సంత్ర, నిమ్మ ఫిల్లింగ్ పెట్టి షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు ఎట్ల చెయ్యాలె? లోపలిది కారిపోతున్నది

హన్మకొండ వంటిల్లు:
అందరికీ నమస్తే. మా బిడ్డ హైదరాబాద్‌ల హాస్టల్ల ఉంటది, నడుమ పుల్లపుల్లగ నిమ్మకాయదో సంత్రదో పెట్టిన షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు చేసి పంపు అమ్మా అని ఒకటే పోరు. నాన్‌ఖటాయి నాకు చేయొస్తది, మంచిగనే వస్తయ్, కానీ ఈ ఫిల్లింగ్ సంగతే తెగుతలేదు. మొన్న బత్తాయిలు పిండి ఆ రసంల చక్కెర ఏసి దగ్గరికి ఉడకబెట్టిన, చల్లారినంక నోట్లె పెట్టుకుంటే చేదు, ఇంకింత చక్కెర ఏసినా ఆ చేదు పోలే. తర్వాత దుకాణంల దొరికే జామ్ తెచ్చి నడుమ పెట్టి కాలిస్తే మొత్తం పొంగి పక్కల నుంచి కారి ట్రేకు అంటుకపోయింది, బిస్కెట్ కూడా అచ్చు ఏసిన సైజు మీద ఉండకుండ వెడల్పుగ పరుచుకున్నది. నా దగ్గర చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది, వాడేది అమూల్ పసుప్పచ్చ ప్యాకెట్ బటర్. మా అత్తమ్మ గుడ్డు ముట్టదు, ఆమెకు కూడా పెట్టాలె. ఏ పండు మంచిగుంటది, ఫిల్లింగ్ కాల్చక ముందు పెట్టాలెనా కాల్చినంకనా, పార్సిల్ల పోతే మెత్తవడకుండ ఉంటయా, తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

కాజీపేట ఓవెన్:
అక్కా, ముందు పిండి సంగతి చూద్దాం, ఫిల్లింగ్ తర్వాత. షార్ట్‌బ్రెడ్ స్కాట్లాండోళ్ల వంటకం, దాని లెక్క చానా సింపుల్, తూకంల చక్కెర ఒక వంతు, బటర్ రెండు వంతులు, పిండి మూడు వంతులు, అంతే. సోడా ఉండదు, బేకింగ్ పౌడర్ ఉండదు, గుడ్డు ఉండదు, కాబట్టి మీ అత్తమ్మ బేఫికర్‌గ తినొచ్చు. నాన్‌ఖటాయిల సోడా ఏస్తం గద అందుకే అది పగిలి ఉబ్బుతది, ఆ పిండినే దీనికి వాడితే మాత్రం పరుచుకుంటది. 300 గ్రాముల పిండి తీసుకుంటే అందుల 270 మైదా, 30 బియ్యప్పిండి ఏయండి, బటర్ 200, మిక్సీల పట్టిన చక్కెర 100. బియ్యప్పిండి ఎందుకంటే దాంట్లె మైదాల ఉండే సాగే గుణం ఉండదు, అందుకే బిస్కెట్ కొరికితే గుల్లగ రాలుతది. కానీ పిండి మెత్తగ ఉండాలె, సకినాలకు పట్టించిన తడిపిండి కాదు, పొడి పిండి, సన్నగ జల్లించింది.

మీ పసుప్పచ్చ ప్యాకెట్ బటర్ల ఉప్పు ఉంటది కాబట్టి విడిగ ఉప్పు ఏయకుండ్రి. అసలు సంగతి బటర్ చల్లదనంల ఉన్నది. 32, 35 డిగ్రీలకు అది కరిగిపోతది, మన దగ్గర ఎండాకాలం బయటనే 40 దాటుతది, ఇంక వంటింట్ల పొయ్యి కాడ ఎట్లుంటదో మీకు చెప్పే పనే లేదు. బటర్ వేలు పెట్టి ఒత్తితే గుంట పడాలె గని మెరవద్దు, అప్పుడు చక్కెరల కలిపి, పిండి ఏసి వేళ్ల కొసలతోనే దగ్గరికి తేవాలె, చపాతీ పిండి పిసికినట్టు పిసికితే గట్టివడుతది. ముద్ద అయినంక రెండు పాలిథిన్ కవర్ల నడుమ పెట్టి చపాతీ కర్రతో అర్ధ అంగుళం కంటె జర తక్కువ మందం ఒత్తి, అచ్చు ఏసి, ఆ ముక్కలను ట్రేతో సహా ఫ్రీజర్ల ఇరవై నిమిషాలు పెట్టుండ్రి. ఫ్రీజర్ల నుంచి తీసినయి తీసినట్టే వేడి ఓవెన్లకు పోవాలె, గప్పుడే అంచులు నిలుస్తయ్. 160 డిగ్రీలకు పదిహేను నిమిషాలు ముందు వేడి చేసి నడుమ రాక్ మీద పెట్టండి. చిన్న ఓటీజీల పై కడ్డీ దగ్గరుంటది కదా పైన తొందరగ ఎర్రవడుతయ్, అందుకే సగం సేపు అయినంక పై కడ్డీ ఆఫ్ చేసి ట్రే తిప్పి పెట్టుండ్రి. అంచు లేత బంగారు రంగు వచ్చుడుతోనే తీసేయాలె, అప్పుడు మెత్తగనే ఉంటయ్, కాలలేదు అనుకొని మళ్ల లోపల పెట్టకుండ్రి, చల్లారినంక గట్టివడుతయ్.

ఇంకొకటి, పిండిల కూడా నిమ్మ వాసన రావాలంటే నిమ్మకాయ పైతొక్క సన్నగ తురిమి, ఆ తురుము చక్కెరల ఏసి వేళ్లతో బాగ నలపండి, చక్కెర తడితడిగ అయి వాసన గుప్పుమంటది, నూనె అంత తొక్కలనే ఉంటది కాబట్టి. రసం మాత్రం పిండిల పోయద్దు. మన నిమ్మకాయ తొక్క చానా పల్చగుంటది, తురిమేటప్పుడు పచ్చరంగు పోయి తెల్లది కనవడంగనే ఆపాలె.

నర్సంపేట తోట:
బత్తాయి చేదు గురించి నేను చెప్త అక్కా. మా మేనమామోళ్లకు నల్గొండ దిక్కు బత్తాయి తోట ఉంది, అక్కడ జ్యూస్ బండ్లోళ్లు కూడా పిండినది పిండినట్టే ఇస్తరు, ఒక గంట ఉంచరు. కారణం ఏందంటే బత్తాయి పొరలల్ల, గింజలల్ల చేదు లేని పదార్థం ఒకటి ఉంటది, పండు పిండినంక రసంల ఉన్న పులుపుకు అది మెల్లగ లిమోనిన్ అనే చేదు పదార్థంగ మారుతది. నిల్వ ఉంచినా, వేడి చేసినా ఆ చేదు తేలుతది. చక్కెరతోని అది కప్పవడదు, మీరేం చేసినా అంతే. పైగా బత్తాయిల పులుపు తక్కువ, జామ్ గట్టివడాలంటే పులుపు కావాలె. బత్తాయి ఊరికే తినేటందుకు, తాగేటందుకు మంచి పండు, ఉడకబెట్టేటందుకు కాదు.

ఫిల్లింగ్‌కు సంత్ర, నిమ్మ కలిపి చేయుండ్రి. చలికాలం నాగ్‌పూర్ సంత్రలు మన దిక్కు మస్తు వస్తయ్, తొక్క ఊడదీస్తే సులువుగ వస్తది, వాసన బాగుంటది. సంత్ర రుచిని ఇస్తది, నిమ్మ పులుపును ఇస్తది. యూట్యూబ్‌ల ఇంగ్లీషోళ్ల వంటలల్ల ఒక నిమ్మకాయ రసం అంటరు గని నమ్మకుండ్రి, వాళ్ల కాయ పెద్దది, మందం తొక్క, ఒక్కదాన్ల 40, 50 ఎంఎల్ రసం వస్తది, మన నాటు నిమ్మకాయల 15, 20 వస్తే గొప్ప. అందుకే కాయలు లెక్కపెట్టకుండ రసం కొలిచి పోయుండ్రి.

కరీంనగర్ బేకింగ్:
పైన ఇద్దరు చెప్పింది కరెక్ట్. ఫిల్లింగ్ ఎప్పుడు పెట్టాలె అన్నదాంట్లనే మీ సమస్య ఉంది అక్కా. ఓవెన్ల పెట్టే ఫిల్లింగ్ వేరే, ఓవెన్ల పెట్టనిది వేరే. లెమన్ కర్డ్ అంటే గుడ్డు, చక్కెర, నిమ్మరసం, బటర్‌తోని చేసేది, అది చానా రుచి గని దాన్ని బిస్కెట్ నడుమ పెట్టి కాల్చద్దు, నీరు వదిలి విరిగినట్టు ఐతది. రెండు బిస్కెట్లు కాల్చి చల్లారినంక తినేముందు పెట్టుకోవాలె, ఫ్రిజ్ల ఉండాలె, పార్సిల్‌కు పనికిరాదు. పార్సిల్‌కు మార్మలేడ్, అంటే తొక్కతోని సహా ఉడికించే జామ్, ఒక్కటే దారి.

దుకాణం జామ్ ఎందుకు పొంగిందంటే దాంట్ల నీళ్లు ఎక్కువ, వేడికి మళ్ల పల్చవడుతది. బేకరీలల్ల వాడేది బేక్ స్టేబుల్ జామ్, అంటే ఓవెన్ వేడికి కారనిది, దాంట్ల పెక్టిన్ (పండ్లల్ల ఉండే, జామ్‌ను గట్టివరిచే పదార్థం) వేరే రకం. ఇంట్ల మనం చేసేది ఎక్కువ సేపు దగ్గరికి ఉడికిస్తే ఆ పని ఐతది. సంత్ర తొక్క లోపలి తెల్లటి పీచు చెంచాతో గీకి తీసి, తొక్కను సన్నటి పోగులుగ కోసి, నీళ్లల్ల పది నిమిషాలు మరిగించి ఆ నీళ్లు పారబోయాలె, మళ్ల ఒకసారి అట్లనే. ఇది మాత్రం వదలద్దు, చేదంత ఆ నీళ్లల్లనే పోతది. తర్వాత తొక్క, గింజ తీసిన సంత్ర తొనలు, 60 ఎంఎల్ నిమ్మరసం, కొన్ని నీళ్లు పోసి తొక్క వేళ్ల మధ్య నలిగేదాక ఉడికించాలె, గప్పటిదాక చక్కెర ఏయద్దు, ముందే ఏస్తే తొక్క గట్టివడి ఇంక ఉడకదు. నిమ్మగింజలు ఒక సన్నటి గుడ్డల మూట కట్టి గిన్నెల వదిలితే పెక్టిన్ అండ్ల నుంచి వస్తది. తొక్క మెత్తవడ్డంక మూట పిండి తీసేసి, గిన్నెల ఉన్నది తూచి అంతే చక్కెర ఏసి పెద్దమంట మీద కలుపుతా ఉండుండ్రి. థర్మామీటర్ ఉంటే 105 డిగ్రీలు. లేకపోతే స్టీలు ప్లేట్ ఫ్రీజర్ల పెట్టి, దాని మీద ఒక చుక్క ఏసి నిమిషం ఆగి వేలుతో నెడితే పైన ముడతలు రావాలె. బిస్కెట్ల నడుమ కాల్చాలంటే ఆ ముడత వచ్చినంక ఇంకో రెండు నిమిషాలు ఉడికించుండ్రి, గంటె తిరగేస్తే ధారగ పడకుండ ముద్దగ జారాలె. గిన్నె స్టీలుదే వాడాలె, సిల్వర్ (అల్యూమినియం) గిన్నెల పులుపు ఉడికితే లోహం రుచి వస్తది.

ఇంక పెట్టే పద్ధతి. నడుమ గుంట చేసి పెట్టుడు అన్నిటికంటె సులువు. చల్లగున్న ఉండను వేలితో లోతుగ ఒత్తి, ఖాళీగనే పది నిమిషాలు కాల్చి బయటికి తీసి, గుంట పూడుకుంటది కాబట్టి చెంచా వెనకతోని మళ్ల ఒత్తి, అర చెంచా మార్మలేడ్ పెట్టి ఇంకో ఎనిమిది, పది నిమిషాలు. ఇట్ల చేస్తే మార్మలేడ్ ఓవెన్ల ఉండేది కొంచెం సేపే కాబట్టి మరిగి పొంగే టైమే దానికి ఉండదు.

హన్మకొండ వంటిల్లు:
చానా చానా థాంక్స్, ఇంత ఓపికగ రాసిన్రు. బత్తాయి సంగతి నాకు ఎవ్వలు చెప్పలేదు. మా బిడ్డకు మాత్రం పైన కిందా మూసినయే కావాలట, కొరికితే లోపల నుంచి రావాలట. గరిజెలు చేసినట్టు మడిచి అంచు ఒత్తితే వస్తదా ఈ పిండితోని? ఇంకొకటి, అత్తమ్మకు గుడ్డు లేకుండ ఆ లెమన్ కర్డ్ లాంటిది అయితదా, ఆమెకు జామ్ కంటె మెత్తటిది ఇష్టం.

కాజీపేట ఓవెన్:
మడిస్తే మాత్రం పగుల్తది అక్కా, గరిజె పిండి సాగుతది, దీనిల బటర్ ఎక్కువ కాబట్టి సాగదు. మడిచే బదులు రెండు గుండ్రటి బిళ్లలు ఒత్తి నడుమ పెట్టుండ్రి. పిండిల ఒక చెంచా చల్లటి పాలు కలిపితే కొద్దిగ కలుస్తది, అంతకంటె ఎక్కువ పోస్తే గుల్లతనం పోతది. కింది బిళ్ల మీద నడుమ మార్మలేడ్ అర చెంచా పెట్టి చుట్టూ వేలు వెడల్పు వదిలి, ఆ వదిలిన జాగకు వేలితో చల్లటి నీళ్లు రుద్ది, పై బిళ్ల పెట్టి ఫోర్కుతోని చుట్టూ ఒత్తుండ్రి. పైన నడిమధ్యల టూత్‌పిక్‌తోని ఒక బెజ్జం పెట్టాలె, ఇది మరవద్దు, ఆవిరి పోయే దారి లేకనే పక్కల నుంచి పగిలి కారుతది. మళ్ల ఫ్రీజర్ల గట్టివడేదాక ఉంచి కాల్చుండ్రి, ఇవి మందం కాబట్టి 160లనే ఇరవై అయిదు నిమిషాల దగ్గర పడుతది, అంచు రంగు చూసుకుంట తియ్యాలె. లోపల మార్మలేడ్ చల్లగ ఉండాలె పెట్టేటప్పుడు, గోరువెచ్చగ ఉన్నా బటర్ కరుగుతది.

బటర్ బదులు ఇంట్ల కాచిన నెయ్యి ఏసుకోవచ్చా అని మీరు అడగలేదు గని చాలమంది అడుగుతరు కాబట్టి చెప్తున్న, బటర్ల దాదాపు ఆరో వంతు నీళ్లే, నెయ్యిల అవి ఉండయ్, అందుకే 200కు బదులు 165 గ్రాములు చాలు, పూసపూసగ పేరుకున్నదే వాడాలె, కరిగింది కాదు. దాంతోని చేస్తే ఇసుక తీరు రాలుతది, ఈ మూసే బిస్కెట్లకు మాత్రం బటరే మంచిది.

నర్సంపేట తోట:
గుడ్డు లేని కర్డ్ మా ఇంట్ల చేస్తం. 100 ఎంఎల్ నీళ్లల్ల 20 గ్రాముల కార్న్‌ఫ్లోర్, 100 గ్రాముల చక్కెర ఉండలు లేకుండ కలిపి సన్నమంట మీద చిక్కవడి నిగనిగ మెరిసేదాక కలుపుతా ఉండాలె, దించేముందు 80 ఎంఎల్ నిమ్మరసం పోసి ఒక్క పొంగు రానిచ్చి దించి, 40 గ్రాముల బటర్ కలపాలె. నిమ్మరసం మొదలే పోసి చానసేపు ఉడికిస్తే పులుపుకు కార్న్‌ఫ్లోర్ పట్టు పోయి మళ్ల నీళ్లోలె అయితది, అందుకే చివరికి. చిటికెడు పసుపు ఏస్తే రంగు వస్తది, రుచి తెల్వదు. చల్లారేటప్పుడు పైన పొర కట్టకుండ కవర్ దాని మీదనే అంటించి పెట్టుండ్రి, ఫ్రిజ్ల నాలుగు రోజులల్ల తినేయాలె. అత్తమ్మకు రెండు బిస్కెట్ల నడుమ అప్పటికప్పుడు పెట్టి ఇస్తే గుల్లగనే ఉంటయ్.

కరీంనగర్ బేకింగ్:
పార్సిల్ విషయం. పూర్తిగ చల్లారకముందు డబ్బల పెడితే ఆవిరి లోపలనే నిలిచి అన్నీ మెత్తవడుతయ్, ఫ్యాన్ కింద కాదు గని జాలి స్టాండ్ మీద పెట్టి రెండు మూడు గంటలు ఆగుండ్రి. గుంట చేసినయి పైన మార్మలేడ్ కనవడుతది కాబట్టి ఒకదానికొకటి అంటుకుంటయ్, వాటిని పంపకుండ్రి, ఇంట్ల తినుండ్రి. మూసినయి మాత్రం ఒక వరుస, దాని మీద బటర్ పేపర్, మళ్ల ఒక వరుస, కదలకుండ డబ్బ నిండేటట్టు పేర్చి, సందులల్ల పేపర్ నలిపి కుక్కుండ్రి, షార్ట్‌బ్రెడ్ గుల్లతనం వల్లనే బస్సుల కుదుపుకు పొడి పొడి అయ్యేది. వారం దాక మంచిగుంటయ్. ఒక చిన్న సీసాల మిగిలిన మార్మలేడ్, ఫిల్లింగ్ లేని బిస్కెట్లు కొన్ని వేరే పెట్టి పంపితే బిడ్డ కావలసినప్పుడు పూసుకొని తింటది, అవి ఇంకా ఎక్కువ రోజులు కరకరలాడుతయ్. సీసాను, మూతను వేడి నీళ్లల్ల మరిగించి తడి లేకుండ ఆరవెట్టి, మార్మలేడ్ వేడి మీదనే నింపి మూత బిగించుండ్రి.