చైనా అమ్మాయికి ఇంగ్లీషు ‘టేక్’ ఎట్టా చెప్పాలి? తెలిసినోళ్ళు కాస్త సాయం చెయ్యండి

రామతీర్థం కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది చీమకుర్తి, గెలాక్సీ గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ చేసే ఒక ఆఫీసులో బ్లాకుల మార్కింగ్ చూస్తా. చైనా బయ్యర్లు వచ్చి క్వారీలో బ్లాకు బ్లాకు మీద నీళ్ళు కొట్టించి గీతలు ఉన్నాయా లేదా చూసుకొని నంబర్లు రాసుకొని పోతా ఉంటారు, ఈసారి వచ్చినోళ్ళలో ఒక అమ్మాయి ఉంది, వాళ్ళది ఫుజియన్ వైపు షుయ్‌టో అని రాళ్ళ వ్యాపారానికి బాగా పేరున్న ఊరు, నెలన్నర నుంచి ఒంగోలు లాడ్జిలో ఉండి రోజూ క్వారీకి వస్తంది. ఇంగ్లీషు చదవటం రాయటం బాగానే వచ్చు, మాట్లాడేటప్పుడే ఆగిపోద్ది. సాయంత్రం పని అయ్యాక టీ తాగతా నన్ను అడిగి నోట్‌బుక్‌లో రాసుకుంటది, చాలా శ్రద్ధ.

సమస్య ఏందంటే టేక్. మొన్న పద్నాలుగో నంబరు బ్లాకుకి మూల మీద చిన్న గీత ఉంటే నేను ‘వుయ్ విల్ టేక్ కేర్ ఆఫ్ దిస్ బ్లాక్’ అన్నా, అంటే ఆ మూల కొట్టించి డ్రెస్సింగ్ చేయించి ఇస్తాం, మేం చూసుకుంటాం అని. ఆమెకి టేక్ కేర్ అంటే జాగ్రత్త అని మాత్రమే తెలుసంట, ఈ బ్లాకుతో జాగ్రత్త అని మేమే చెప్తన్నాం అనుకొని లిస్టులోంచి కొట్టేసింది. మంచి బ్లాకు. లోడింగ్ రోజు గానీ ఆ సంగతి బయటపడలా. అప్పట్నించి ఆమె టేక్ అన్న మాట వినపడితే చాలు ఆపి అడుగుతంది, టేక్ ఎ సీట్ అంటే ఏంది, టేక్ యువర్ టైమ్ అంటే ఏంది, ఇట్ టేక్స్ టూ డేస్ లో ఎవరు తీసుకుంటన్నారు అని. వాళ్ళ డిక్షనరీలో టేక్ పక్కన ‘నా’ అని మొదటి అర్థం ఉందంట, చేత్తో తీసుకోవటం అని. దాంతో ఒక్కటీ కుదరటం లేదు. నాకు చైనా భాష రాదు. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి?

సింహపురి డాక్టరమ్మ:
తమ్ముడూ, మాది నెల్లూరే, నేను ఎంబీబీఎస్ చైనాలో చదివాను. క్లాసులు ఇంగ్లీషులోనే గానీ వార్డులో పేషెంట్లతో చైనీస్ మాట్లాడాల్సిందే, అందుకని నాకు ఈ తిప్పలు రెండో వైపు నుంచి బాగా తెలుసు. ముందు ఒక మాట, ఆ అమ్మాయికి టేక్ ఈజ్ ఈక్వల్ టు తీసుకో అని చెప్పటం ఈ రోజుతో మానెయ్. ఆ పనికి వాళ్ళ భాషలో ఏ క్రియ వాడతారో అది అడుగు, అక్కడ్నించి ఇంగ్లీషుకి రా. అప్పుడు నీకే తెలుస్తది, వాళ్ళ క్రియలు మన తెలుగు క్రియలకి ఎంత దగ్గరగా ఉండాయో.

చూడు, టాబ్లెట్ వేసుకున్నావా అనటానికి వాళ్ళు ‘ఛర్ యావ్’ అంటారు, ఛర్ అంటే తినటం, యావ్ అంటే మందు. అందుకే చైనా వాళ్ళు ఇంగ్లీషులో ‘ఐ ఈట్ మెడిసిన్’ అనేస్తారు, నాకు పేషెంట్ దగ్గర మొట్టమొదట వినపడిన ఇంగ్లీషు అదే. మనం మందు మింగు అంటాం, వేసుకో అంటాం, మనకీ చేత్తో తీసుకోవటం గుర్తు రాదు కదా. బస్సుకి వాళ్ళు కూర్చోవటం అంటారు, ‘చ్వో ఛె’, ఆ మొదటి చ మన చాపలో చ లాగా పలకాలి. మనం బస్సు ఎక్కుతాం, వాళ్ళు బస్సు కూర్చుంటారు, ఇంగ్లీషోడు బస్సుని టేక్ చేస్తాడు. ఫోటోకి వాళ్ళు వెలుగు పడటం అనే మాటో, చేత్తో తట్టటం అనే మాటో వాడతారు. టెంపరేచర్‌కీ బీపీకీ కొలవటం అంటారు, మనం బీపీ చూడు అంటాం. లీవుకి అడగటం అంటారు, మనం లీవు పెడతాం. ఇంగ్లీషులో వీటన్నిటికీ ఒకటే, టేక్. అంటే ఆమె నేర్చుకోవాల్సింది టేక్‌కి అర్థాలు కాదు, టేక్ పక్కన ఏ మాట కూర్చుంటే అది ఏ పని అవుతుందో అది.

ఇంకొకటి, నువ్వే రాశావు చూడు, నీళ్ళు కొట్టించి, మూల కొట్టించి, లిస్టులోంచి కొట్టేసింది అని. మూడు చోట్లా ఒకే కొట్టు, మూడు పనులు వేరు. మనం ఫోన్ కొడతాం, బండికి గాలి కొట్టిస్తాం, చేనుకి మందు కొడతాం, ఈల కొడతాం, కన్ను కొడతాం. చైనీస్‌లో అచ్చం ఇట్టాంటిదే ఒకటి ఉంది, ‘తా’, కొట్టటమే. తా త్యెన్‌హువా అంటే ఫోన్ కొట్టటం, నిజంగా అదే మాట! టాక్సీ పట్టుకోవటం, ఇంజెక్షన్, గొడుగు వేసుకోవటం, చేపలు పట్టటం, స్వెటర్ అల్లటం, అన్నీ తా నే. నేను మొదటి సంవత్సరం ఈ తా దెబ్బకి ఏడ్చాను, తర్వాత మన కొట్టు గుర్తొచ్చాక దారికొచ్చింది. నువ్వు ఆ అమ్మాయిని నీ తా గురించి చెప్పు అని అడుగు, ఆమే గుక్క తిప్పుకోకుండా ఇరవై చెప్తది. అప్పుడు చెప్పు, ఇంగ్లీషోడికి టేక్ అట్టాంటిది అని. ఆ ఒక్క పోలికతో సగం భయం పోతది.

తినటం సంగతి మర్చిపోయా. నష్టపోతే మనం దెబ్బ తిన్నాం అంటాం కదా, వాళ్ళు ‘ఛర్ ఖ్వెయ్’ అంటారు, నష్టం తినటం. ఇంగ్లీషులో టేక్ ఎ లాస్. కష్టం ఓర్చుకోవటానికి ‘ఛర్ ఖూ’, చేదు తినటం. ఉలిక్కిపడితే ‘ఛర్ చింగ్’, ఇంగ్లీషులో టేకెన్ అబ్యాక్. నీది వ్యాపారం కాబట్టి టేక్ ఎ లాస్ ముందే చెప్పు, ఆమెకి వెంటనే పడతది.

పోర్టు రోడ్డు:
నేను కృష్ణపట్నం వైపు షిప్పింగ్ పేపర్లు చేస్తా. డాక్టరమ్మ గారు చెప్పింది వినటానికి చాలా బాగుంది గానీ ఆ అమ్మాయికి నెలన్నర అయిపోయింది, ఎంతకాలం ఉంటదో తెలీదు, ముందు పనికొచ్చేవి చెప్పెయ్ బ్రదర్. టేక్ మెజర్‌మెంట్ అంటే కొలత వెయ్యటం, టేక్ ఆఫ్ అంటే గీత ఉన్నకాడ కొలతలోంచి తీసెయ్యటం, టేక్ డెలివరీ అంటే సరుకు అందుకోవటం, టేక్ బ్యాక్ అంటే తిరిగి తీసుకోవటం, రేటు దగ్గర ‘వుయ్ కెనాట్ టేక్ దట్ ప్రైస్’ అంటే ఆ రేటుకి ఒప్పుకోం అని. టేక్ ఇట్ ఆర్ లీవ్ ఇట్ మటుకు ఆమెకి అర్థం చెప్పు, నువ్వు మాత్రం బయ్యర్ దగ్గర ఎప్పుడూ అనొద్దు, ఇష్టమైతే తీసుకో లేకపోతే పో అన్నట్టు ఉంటది, మర్యాద కాదు.

టేక్ ఆఫ్ దగ్గర కాస్త నిలబడి చెప్పాలి. షూస్ విప్పటం టేక్ ఆఫ్, విమానం లేవటం టేక్ ఆఫ్, పనికి రెండు రోజులు సెలవు పెట్టటం కూడా టేక్ టూ డేస్ ఆఫ్. వాళ్ళకి మూడిటికీ మూడు వేరే మాటలు, మనకీ అంతే. ఈ ఆఫ్ (off) అంటే ఒకదాని మీద నుంచి విడిపోవటం అని చెప్తే కొంత అందుద్ది, పాదం నుంచి షూ, నేల నుంచి విమానం, పని నుంచి మనిషి, బ్లాకు కొలత నుంచి ఆ పది సెంటీమీటర్లు.

కందుకూరు మాస్టారు:
బాబూ, నేను ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. పై ఇద్దరూ చెప్పింది సరిగానే ఉంది, నేను రెండు మూడు సంగతులు కలుపుతాను.

మొదటిది బ్రింగ్, టేక్. ఇది చైనా వాళ్ళకీ మనకీ ఒకే చోట తగిలే రాయి. వాళ్ళకి వెంట పట్టుకోవటానికి ‘తాయ్’ అని ఒకటే మాట, దాని వెనక రావటం తగిలిస్తే తాయ్ లాయ్, పోవటం తగిలిస్తే తాయ్ ఛ్యూ. మనం ఏం చేస్తున్నాం? తీసుకు రా, తీసుకు పో. అచ్చంగా అదే కట్టు! తీసుకోవటం ఒకటే, దిక్కు చెప్పేది రా, పో. ఇంగ్లీషులో ఆ దిక్కు మాట లోపలికే వెళ్ళిపోయింది, రా ఉంటే బ్రింగ్, పో ఉంటే టేక్. ఈ ముక్క నువ్వు చెప్పగలిగినట్టు ఇంగ్లీషువాడు కూడా చెప్పలేడు, ఎందుకంటే వాడికి ఆ అతుకు కనపడదు, మనకి రోజూ నోట్లో ఉంటుంది. పెయింటు డబ్బా ఆమె చేతికిచ్చి, నా దగ్గరికి తీసుకురా అన్నప్పుడు బ్రింగ్, అక్కడ పెట్టు పో అన్నప్పుడు టేక్, ఒక పది సార్లు అటూ ఇటూ నడిపించు. బోర్డు మీద ఎన్ని రాసినా ఆ నడక చేసినంత పని చెయ్యవు.

రెండోది కాలం. చైనీస్ క్రియకి రూపం మారదు, నిన్నయినా రేపయినా అదే మాట. కనక టుక్, టేకెన్ అన్నవి ఆమె పరీక్షలో రాస్తుంది, నోట్లోంచి మాత్రం ‘ఎస్టర్డే ఐ టేక్’ అనే వస్తుంది. దానికి కోప్పడొద్దు, ప్రతిసారీ ఆపొద్దు కూడా, ఆమె అన్న వాక్యాన్నే నువ్వు టుక్ పెట్టి తిరిగి అను, చాలు. అక్కడ 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలుపెట్టించారు, కాలేజీ ప్రవేశ పరీక్షలో 750 మార్కులకి 150 ఇంగ్లీషువే, కాబట్టి రూల్ ఆమెకి తెలుసు. లేనిది మాట్లాడే మనిషి.

ఇట్ టేక్స్ టూ డేస్‌లో ఎవరు తీసుకుంటున్నారని అడిగిందట, ఎంత మంచి ప్రశ్న! ఎవరూ లేరు, ఆ ఇట్ ఖాళీ కుర్చీ. మనం రెండు రోజులు పడుతుంది అంటాం, అక్కడా పట్టేవాడు ఎవడూ లేడు. వాళ్ళు టైముని కూడా డబ్బులాగా ఖర్చు పెడతారు, అందుకే ‘ఐ స్పెండ్ టూ డేస్’ వైపు పోతారు. అది తప్పు కాదు, కానీ పని వైపు నుంచి చెప్పాలంటే ఇట్ టేక్స్ కావాలి.

ఇంకొక జాగ్రత్త. మన ఇంగ్లీషులో టేక్‌కి మనం అంటించినవి ఉన్నాయి, అవి ఆమెకి పొరపాటున అంటించకు. డోంట్ టేక్ టెన్షన్ మన దగ్గరే చెల్లుతుంది. టీచర్ ఈజ్ టేకింగ్ క్లాస్ అంటే మనకి పాఠం చెప్పటం, బయట చాలామందికి పాఠం నేర్చుకోవటం. పరీక్ష మనం రాస్తాం కాబట్టి రైట్ ఎగ్జామ్ అంటాం, టేక్ ఎగ్జామ్ అంటే ఎక్కడైనా అర్థమవుతుంది.

చివరగా నాకిష్టమైన ముక్క ఒకటి చెప్పనివ్వు. ఈ టేక్ అసలు ఇంగ్లీషు మాటే కాదు. తొమ్మిదో శతాబ్దంలో సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో ఊళ్ళు కట్టుకున్న స్కాండినేవియా వాళ్ళ ‘తాకా’ అది. అంతకుముందు ఇంగ్లీషులో తీసుకోవటానికి ‘నిమన్’ అనే మాట ఉండేది, కొత్త మాట దాన్ని నెమ్మదిగా పక్కకి నెట్టేసింది. పోతూ పోతూ అది నమ్ అనే మాటని వదిలివెళ్ళింది, మొద్దుబారటం అని, అసలు అర్థం పట్టబడినది అని. మనం కాలికి తిమ్మిరి పట్టింది అంటాం చూడు, అదే ఊహ. నలభై ఏళ్ళ కిందట ఇది చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రామతీర్థం కుర్రాడు:
అందరికీ చాలా చాలా థాంక్స్, మాస్టారూ మీకు ప్రత్యేకంగా. నిన్న సాయంత్రం తా గురించి అడిగా, డాక్టరమ్మ గారు అన్నట్టే ఆపకుండా చెప్పింది, మధ్యలో నేను ఫోన్ కొట్టు అన్న మాట చెప్తే టీ గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ చెప్పు మళ్ళీ చెప్పు అని తెలుగులోనే రాసుకుంది, ఇప్పుడు నాకు ఫోన్ చెయ్యాలంటే ‘ఐ కొట్టు యూ’ అంటంది. పొద్దున క్వారీలో బ్రింగ్ టేక్ నడక కూడా చేయించా, నీళ్ళ పైపు పట్టుకొని వస్తా బ్రింగ్, తీసకపోతా టేక్, మా వాచ్‌మన్ కూడా నేర్చుకున్నాడు. తాయ్ లాయ్, తీసుకురా పక్కపక్కన రాసి చూపిస్తే ఆమె రెండిటి కిందా ఒకే గీత గీసింది.

ఒక్కటే మిగిలింది. పద్నాలుగో బ్లాకు కోసం ఆమె వాళ్ళ బాస్‌కి ఇంగ్లీషులో మెయిల్ పెట్టాలంట, టేక్ కేర్ ఆఫ్ అని నేను మళ్ళీ రాయించనా, వేరే మాట పెట్టించనా?

సింహపురి డాక్టరమ్మ:
రాయించు, కాకపోతే ఒంటరిగా వదలొద్దు, వెనకే ఏం చేశారో చెప్పే వాక్యం పెట్టించు. మూల కోశాం, కొత్త కొలత ఇది, ఎంత తీసేశామో ఇది అని. టేక్ కేర్ అని ఊరుకుంటే జాగ్రత్త, ఆఫ్ (of) తగిలించి పక్కన పని పేరు చెప్తే చూసుకోవటం, ఆ తేడా ఆమె చేత్తోనే రాస్తే ఇంక మర్చిపోదు. మన తెలుగులోనూ ఇంతే కదా, చూసుకో అంటే జాగ్రత్తా అవుతది, ఆ పని నీదే అనీ అవుతది. మెయిల్ పంపే ముందు బ్లాకు ఫోటో తియ్యమను, కొత్త కొలత అంకె ఫోటోలో పడేట్టు.